స్కానింగ్‌లో వాడే ధ్వని ఎంత బలమైనది? కడుపులో బిడ్డకు అది ఏమి చేస్తుంది?

"ఈ స్కానింగ్ వల్ల కడుపులో పిలకాయకి ఏమన్నా అవుద్దా?" స్కానింగ్ గది బయట బెంచీల మీద కూర్చున్నవారు తరచుగా అడిగే ప్రశ్న ఇది. మైపాడు, కోడూరు, ఇస్కపల్లి వంటి తీరగ్రామాల నుంచి కోడలిని వెంటబెట్టుకుని వచ్చిన అత్తగారు అడుగుతారు. ఆ రోజుకు వేట మానుకుని వచ్చిన భర్త అడుగుతాడు. కొందరు ఈ భయంతోనే డాక్టరు రాసిచ్చిన చీటీని మడిచి ఇంట్లో పెట్టేస్తారు. మరికొందరిది దీనికి పూర్తిగా వ్యతిరేకమైన ధోరణి. బిడ్డ ముఖం ఇంకోసారి చూపించమని, గుండె చప్పుడు ఇంకాసేపు వినిపించమని, నెలనెలా స్కాన్ తీయమని కోరతారు. మొదటివారు లేని ప్రమాదానికి భయపడుతున్నారు. రెండోవారు తీసుకోవలసిన చిన్న జాగ్రత్తను మరచిపోతున్నారు. స్కానింగ్‌లో వాడే ధ్వని బలమెంత, ఆ బలం శరీరంలో ఏమి చేయగలదు అన్న సంగతి తెలిస్తే ఇద్దరికీ సమాధానం దొరుకుతుంది.

అన్ని స్కాన్‌లూ ఒకటి కావు

ముందుగా ఒక చిక్కు విప్పాలి. మన వాడుకలో మూడు వేరు వేరు పరీక్షలను "స్కాన్" అనే ఒకే మాటతో పిలుస్తున్నాము. సి.టి. స్కాన్ ఎక్స్‌రే కిరణాలతో తీసేది. ఎం.ఆర్.ఐ. స్కాన్ పెద్ద అయస్కాంతంతో తీసేది. గర్భిణులకు మామూలుగా చేసేది అల్ట్రాసౌండ్ స్కాన్. ఇందులో ఎక్స్‌రే కిరణాలు లేవు, ఉన్నది ధ్వని మాత్రమే.

ఎక్స్‌రేలు మన కణాలలోని అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టి, జన్యు పదార్థాన్ని దెబ్బతీయగలవు. గర్భంతో ఉన్నప్పుడు ఎక్స్‌రే తీయించుకున్న తల్లుల పిల్లల్లో కాన్సర్ ఎక్కువగా కనిపిస్తున్నదని ఇంగ్లాండులో డాక్టర్ ఆలిస్ స్టూవర్ట్ 1956లో ప్రకటించారు. కనుక "రేడియేషన్" భయం ఊరికే పుట్టినది కాదు. అయితే అది ఎక్స్‌రేకు చెందిన భయం. ధ్వని ఎలక్ట్రాన్లను ఊడగొట్టలేదు. అది చేసేదల్లా తన దారిలో ఉన్నదాన్ని ఒకసారి నొక్కడం, ఒకసారి వదలడం. దానితో తీసుకోవలసిన జాగ్రత్తలు వేరు.

వేట బోటులోనూ ఇదే పని

చేపల గుంపును కనిపెట్టడానికి కొన్ని మోటారు బోట్లలో ఫిష్ ఫైండర్ పెట్టుకోవడం మన తీరంలో చాలామంది చూసే ఉంటారు. అది నీటిలోకి ఒక చిన్న ధ్వనిని వదులుతుంది. ఆ ధ్వని చేపకో, అడుగు మట్టికో తగిలి వెనక్కి వస్తుంది. ఎంతసేపటికి వచ్చిందో చూసి లోతు లెక్క కడుతుంది. సముద్రపు నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1500 మీటర్లు పోతుంది గనుక, 30 మీటర్ల లోతున ఉన్న చేప నుంచి ప్రతిధ్వని సెకనులో ఇరవై అయిదవ వంతులో తిరిగి వస్తుంది.

స్కానింగ్ మిషన్ కూడా ఇదే పని చేస్తుంది. శరీరంలోని మెత్తని భాగాలలో ధ్వని వేగం సెకనుకు సుమారు 1540 మీటర్లు, అంటే దాదాపు సముద్రంలో ఉన్నంతే. తేడా పౌనఃపున్యంలో ఉంది. మనిషి చెవి సెకనుకు 20 వేల కంపనాల వరకు వినగలదు. ఫిష్ ఫైండర్లు సాధారణంగా 50 వేలు లేదా 2 లక్షల కంపనాల ధ్వనిని వాడతాయి. పొట్ట మీద పెట్టే ప్రోబ్ సెకనుకు 20 లక్షల నుంచి 50 లక్షల కంపనాల ధ్వనిని వాడుతుంది. కంపనాలు ఎక్కువైన కొద్దీ అల పొడవు తగ్గి, బొమ్మలో చిన్న వివరాలు కనిపిస్తాయి. గ్లాస్గోలో డాక్టర్ ఇయాన్ డొనాల్డ్, లోహపు రేకుల్లో పగుళ్ళను వెతకడానికి కర్మాగారాల్లో వాడుతున్న ధ్వని మిషన్‌తోనే రోగుల పొట్టలను చూడడం మొదలుపెట్టి, 1958లో లాన్సెట్ పత్రికలో తన ఫలితాలను ప్రచురించారు.

చల్లగా ఉందని గర్భిణులు విసుక్కునే ఆ జెల్ ఎందుకో కూడా ఇక్కడే చెప్పాలి. ప్రోబ్‌కూ చర్మానికీ మధ్య సన్నని గాలి పొర ఉన్నా ధ్వని అంతా వెనక్కి తిరిగిపోతుంది, లోపలికి పోదు. జెల్ ఆ గాలిని తొలగిస్తుంది. మొదటి నెలల్లో నీళ్ళు బాగా తాగి, మూత్రసంచి నిండాక రమ్మనడం కూడా ఇటువంటిదే. నీళ్ళలో నుంచి ధ్వని సులువుగా పోతుంది.

బలాన్ని కొలవడం

ధ్వనికి బలముంటుందని మన జిల్లావారికి వేరే చెప్పనవసరం లేదు. శ్రీహరికోటలో రాకెట్ లేచినప్పుడు సూళ్ళూరుపేట వైపు కిటికీలు అదురుతాయి. ఆ తలుపులను కదిలించింది గాలిలో వచ్చిన ధ్వని ఒత్తిడే.

వైద్యంలో ధ్వని బలాన్ని "తీవ్రత" అంటారు. ఒక చదరపు సెంటీమీటరు మీద ప్రతి సెకనూ ఎంత శక్తి పడుతున్నదో చెప్పే లెక్క ఇది. దీనిని మిల్లీవాట్లలో చెబుతారు. పోలిక కావాలంటే మిట్టమధ్యాహ్నపు ఎండను తీసుకోండి. ఉప్పు మళ్ళలో నీళ్ళను ఆవిరి చేసే ఆ ఎండ చదరపు సెంటీమీటరుకు సుమారు 100 మిల్లీవాట్లు. మామూలు నలుపు తెలుపు బొమ్మ స్కాన్‌లో, ధ్వని అన్నింటికంటే బలంగా ఉన్న బిందువు దగ్గర కూడా, సగటున సాధారణంగా కొన్ని పదుల మిల్లీవాట్లే ఉంటుంది. రక్తప్రవాహాన్ని కొలిచే పల్స్ డాప్లర్‌లో ఇది కొన్ని వందలకు పెరుగుతుంది. నడుము నొప్పికి ఫిజియోథెరపీలో పెట్టే అల్ట్రాసౌండ్ 500 నుంచి 3000 మిల్లీవాట్ల దాకా ఉంటుంది. అది వేడి పుట్టించడానికే పెట్టేది గనుక థెరపిస్టు దాన్ని ఒకేచోట ఉంచకుండా తిప్పుతూ ఉంటారు. (గర్భిణికి నడుము మీద, పొట్ట మీద ఈ చికిత్స చేయకూడదు. నెల తప్పిందన్న అనుమానం ఉన్నా ఫిజియోథెరపిస్టుకు ముందే చెప్పండి.) కొన్ని గడ్డలను లోపలే మాడ్చివేసే యంత్రాలు ధ్వనిని ఒక బిందువు మీదకు చేర్చి, అక్కడ వెయ్యి వాట్లు, అంతకు మించి కూడా పుట్టిస్తాయి. వెయ్యి వాట్లంటే పది లక్షల మిల్లీవాట్లు. మూత్రపిండాల్లో రాళ్ళను పగలగొట్టే లిథోట్రిప్సీ కూడా ధ్వని ఒత్తిడితో జరిగేదే.

కాబట్టి "అల్ట్రాసౌండ్ ప్రమాదకరమా?" అని అడగడం "నిప్పు ప్రమాదకరమా?" అని అడిగినట్లే. ఎంత బలం, ఎంతసేపు, శరీరంలో ఏ చోట అన్నది ముఖ్యం.

బొమ్మ తీసే స్కాన్‌లో సగటు బలం ఎందుకు అంత తక్కువ? మిషన్ అదేపనిగా ధ్వనిని వదలదు. సెకనులో పది లక్షల వంతు సేపు ఒక చిన్న పలుకు వదిలి, తర్వాత ప్రతిధ్వని కోసం చెవి ఒగ్గి ఉంటుంది. సెకనుకు 3000 పలుకులు వదిలిందనుకున్నా, అన్నీ కలిపితే సెకనులో వెయ్యింట మూడు వంతులే. ఇరవై నిమిషాల స్కాన్‌లో ధ్వని నిజంగా వెలువడేది నాలుగు సెకన్ల లోపే. పైగా పలుకులు ఒకదాని పక్కన ఒకటిగా వరుసలో పోతాయి, అన్నీ ఒకే బిందువు మీద పడవు.

లోపలికి పోయే కొద్దీ ధ్వని తగ్గిపోతుంది కూడా. 35 లక్షల కంపనాల ధ్వని కండ, కొవ్వుల గుండా పోయేటప్పుడు దాదాపు ప్రతి రెండు సెంటీమీటర్ల లోపే సగమవుతుంది. ఏడు సెంటీమీటర్లు చేరేసరికి సుమారు పదహారో వంతు మిగులుతుంది. అయితే మూత్రసంచిలోని నీరు, ఉమ్మనీరు ధ్వనిని అంతగా పీల్చుకోవు. అందుచేత మిషన్ల తయారీదారులు బిడ్డ దగ్గరి బలాన్ని లెక్కించేటప్పుడు ఇంత ఎక్కువ తగ్గుదలను లెక్కలోకి తీసుకోరు. తక్కువ తగ్గుదలే అనుకుని, జాగ్రత్త వైపు మొగ్గి లెక్క కడతారు.

వేడి, బుడగలు

బలమైన అతిధ్వని ప్రాణికి హాని చేయగలదని శాస్త్రజ్ఞులకు మొదటినుంచీ తెలుసు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, 1917 ప్రాంతంలో, జలాంతర్గాములను కనిపెట్టడానికి ఫ్రాన్సులో పాల్ లాంజెవిన్ శక్తివంతమైన అతిధ్వని పరికరాన్ని తయారు చేశారు. ఆ పరికరానికి దగ్గరగా ధ్వని దారిలో పెట్టిన చేపలు చచ్చిపోయాయి. నీళ్ళలో చెయ్యి ముంచినవారికి నొప్పి పుట్టింది. ఫిష్ ఫైండర్ కింద చేపలు చావడం మనం చూడలేదు గదా అంటారేమో. అక్కడ ధ్వని చిన్న చిన్న పలుకులుగా వెలువడి, లోతుకు పోయే కొద్దీ విస్తరించి పలచబడుతుంది. ఇక్కడ మళ్ళీ బలమూ కాలమూ గురించిన మాటే.

ధ్వని చేసే మొదటి పని వేడి పుట్టించడం. శరీరం పీల్చుకున్న ధ్వని వేడిగా మారుతుంది. మెత్తని కండ తక్కువ పీల్చుకుంటుంది, ఎముక చాలా ఎక్కువ పీల్చుకుంటుంది. కనుక నెలలు పెరిగి బిడ్డ ఎముకలు గట్టిపడే కొద్దీ వాటి పక్కన ఉండే మెదడు, వెన్నుపాము విషయంలో శ్రద్ధ పెట్టాలి. రక్తప్రవాహం కొంత వేడిని మోసుకుపోతుంది. మొదటి వారాల్లో బిడ్డకు ఆ ఏర్పాటు కూడా సరిగా ఉండదు, అవయవాలు అప్పుడే ఏర్పడుతుంటాయి. ప్రపంచ అల్ట్రాసౌండ్ వైద్య సమాఖ్య 1998లో ఈ విషయం తేల్చి చెప్పింది. మామూలు శరీర వేడి మీద ఒకటిన్నర డిగ్రీల సెంటీగ్రేడుకు మించకుండా పెంచే స్కాన్‌ను వేడి గురించి సంకోచం లేకుండా చేయవచ్చు. బిడ్డ దగ్గర వేడి నాలుగు డిగ్రీలు పెరిగి అయిదు నిమిషాలు అలాగే ఉంటే హాని జరిగే అవకాశం ఉన్నట్లు భావించాలి.

ఇక్కడ జ్వరం సంగతి గుర్తుంచుకోవాలి. తల్లికి జ్వరముంటే బిడ్డ వేడి అప్పటికే పెరిగి ఉంటుంది. స్కాన్ వల్ల కలిగే చిన్న పెరుగుదల దానిమీద కలుస్తుంది. జ్వరంగా ఉంటే స్కానింగ్ గదిలోకి వెళ్ళేటప్పుడే చెప్పండి. అవసరమైన స్కాన్ ఆపరు, సెట్టింగు తగ్గించి త్వరగా ముగిస్తారు.

రెండవది బుడగల పని. ధ్వని ఒత్తిడి తగ్గిన క్షణంలో, ద్రవంలో గాలి బుడగలుంటే ఉబ్బుతాయి, మరుక్షణం కుదించుకుపోతాయి. ధ్వని బాగా బలమైనదైతే బుడగ ఒక్కసారిగా కూలి పక్కనున్న కణాలను దెబ్బతీస్తుంది. దీనికి ముందుగా గాలి ఉండాలి. కడుపులో బిడ్డ ఊపిరితిత్తుల్లో ఉండేది ద్రవమే, గాలి కాదు. అందువలన పుట్టబోయే బిడ్డ విషయంలో ఈ భయం చాలా తక్కువ. పుట్టిన తరువాత ఊపిరితిత్తుల్లో గాలి చేరుతుంది గనుక, పసికందుల ఛాతీని స్కాన్ చేసేటప్పుడు ధ్వని ఒత్తిడిని బాగా తగ్గించి, తొందరగా ముగిస్తారు. నెలలు నిండని బిడ్డకు మాడు మీద ప్రోబ్ పెట్టి మెదడును చూసేటప్పుడు కూడా తక్కువ సెట్టింగే వాడతారు.

తెర మూలన రెండు అంకెలు

1992కు ముందు అమెరికా ఆహార, ఔషధ సంస్థ కడుపులోని బిడ్డను చూసే స్కాన్‌కు 94 మిల్లీవాట్ల పరిమితి పెట్టింది. తరువాత, ధ్వని ప్రభావాన్ని తెర మీద అంకెల్లో చూపే మిషన్లకు 720 మిల్లీవాట్ల వరకు వెళ్ళనిచ్చింది. (కంటి స్కాన్‌కు మాత్రం 50 దగ్గరే ఆపింది.) అంటే హద్దు దాదాపు ఎనిమిది రెట్లు పెరిగింది, దానితోపాటు బాధ్యత చాలావరకు స్కాన్ చేసే మనిషి మీద పడింది. బొమ్మలు స్పష్టంగా రావడానికి ఇది మేలు చేసినమాట నిజమే గాని, అంకెలు చూడకుండా స్కాన్ చేసేవారి చేతిలో ఈ సౌకర్యానికి అర్థం లేదు.

తెర పైన లేదా మూలన చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో టి.ఐ., ఎం.ఐ. అని, వాటి పక్కన అంకెలు కనిపిస్తాయి. టి.ఐ. అంటే థర్మల్ ఇండెక్స్, వేడి సూచిక. అది 1 ఉంటే, ఆ సెట్టింగు వద్ద శరీరపు వేడి సుమారు ఒక డిగ్రీ పెరిగే వీలుందని ఒక అంచనా. అది థర్మామీటరు కాదు, లెక్క మాత్రమే. పది వారాల లోపు మెత్తని కణజాలానికి సంబంధించిన అంకెను, తరువాత ఎముకకు సంబంధించిన అంకెను చూస్తారు. ఎం.ఐ. అంటే మెకానికల్ ఇండెక్స్, బుడగల ప్రమాదానికి సూచిక. దీని హద్దు 1.9.

బ్రిటిష్ వైద్య అల్ట్రాసౌండ్ సంఘం 2009లో ఇచ్చిన సూచనల ప్రకారం, గర్భిణి స్కాన్‌లో టి.ఐ. 0.7 దాటితే గంటకు మించకూడదు. 1 దాటితే అరగంట, 1.5 దాటితే పావుగంట, 2 దాటితే నాలుగు నిమిషాలు, 2.5 దాటితే ఒక్క నిమిషం. 3 దాటితే అసలు చేయకూడదు. మామూలు బొమ్మ స్కాన్‌లో ఈ అంకె సాధారణంగా 1 లోపే ఉంటుంది. పెరిగేది డాప్లర్ పెట్టినప్పుడు. డాప్లర్ ధ్వని ఒకే గీత వెంట, ఒకేచోట, పొడవైన పలుకులతో మళ్ళీ మళ్ళీ పడుతుంది. అందుకే 11 నుంచి 14 వారాల మధ్య అవసరమై డాప్లర్ పెట్టినా టి.ఐ. 1కి మించకుండా, అయిదు పది నిమిషాల్లో ముగించాలని ప్రసూతి అల్ట్రాసౌండ్ అంతర్జాతీయ సంఘం 2011లో సూచించింది.

రెండో నెలలోనే "గుండె చప్పుడు వినిపించండి" అని కోరే కుటుంబాలు ఈ సంగతి గమనించగలరు. గుండె కొట్టుకోవడం ఆ దశలో మామూలు బొమ్మలోనే కళ్ళకు కనిపిస్తుంది, దాని లెక్క కూడా డాప్లర్ లేకుండానే తీయవచ్చు. వినిపించలేదంటే మీ పట్ల నిర్లక్ష్యం అనుకోవద్దు.

ఇంతవరకు తెలిసినది

రోగనిర్ధారణకు వాడే అల్ట్రాసౌండ్ వల్ల మనుషులలో హాని జరిగిందని ఇంతవరకు రుజువు కాలేదు. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో 2800 మందికి పైగా గర్భిణులను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు ఒక్క స్కాన్, మరో జట్టుకు డాప్లర్‌తో సహా అయిదు స్కాన్‌లు చేశారు. 1993లో వచ్చిన ఫలితాల్లో రెండో జట్టులో తక్కువ ఎదుగుదలతో పుట్టిన పిల్లలు కొంత ఎక్కువగా కనిపించారు. కలవరం కలిగింది. ఆ పిల్లలను ఎనిమిదేళ్ళ వరకు పరిశీలించి 2004లో ప్రచురించిన ఫలితాల్లో ఎదుగుదలలో గాని, మాటలో గాని, ప్రవర్తనలో గాని తేడా లేదని తేలింది. నార్వేలో 1993లో వచ్చిన పరిశీలనలో, కడుపులో ఉండగా స్కాన్ అయిన పిల్లల్లో కుడిచేతి వాటం కానివారు కొద్దిగా ఎక్కువని కనిపించింది. ఎడమచేతి వాటం జబ్బు కాదు, కాని శాస్త్రజ్ఞులు దాన్ని కొట్టిపారేయకుండా తరువాత కూడా పరిశీలిస్తూ వచ్చారు.

ఒక మాట దాచకూడదు. ఈ పెద్ద పరిశీలనలు ఎక్కువగా 1992కు ముందటి, తక్కువ బలమున్న మిషన్లతో జరిగినవి. అందువలననే "అవసరమైన సమాచారం రావడానికి ఎంత తక్కువ బలం, ఎంత తక్కువ సేపు సరిపోతే అంతే" అనే నియమాన్ని ప్రపంచమంతటా పాటిస్తున్నారు.

కుటుంబం చేయవలసినది

భయంతో స్కాన్ మానుకోవడం ఇంతకంటే చాలా పెద్ద ప్రమాదం. మాయ గర్భసంచి ముఖద్వారాన్ని కప్పి ఉంటే నెలలు నిండే సమయానికి నొప్పి లేకుండానే విపరీతంగా రక్తం పోవచ్చు. అది ముందే తెలిస్తే, కాన్పు రోజులకు ముందుగానే పెద్దాసుపత్రి దగ్గర ఉండేలా ఏర్పాటు చేసుకోవచ్చు. తెలియకపోతే, తుఫాను రాత్రి పల్లె నుంచి నెల్లూరు చేరేలోగా తల్లి ప్రాణం మీదకు వస్తుంది. గర్భం గర్భసంచి బయట నిలవడం, కవలలు ఉండడం, నెలల లెక్క తప్పడం వంటివి కూడా స్కాన్‌లోనే తేలతాయి. 24 వారాల లోపు కనీసం ఒక్క స్కాన్ తప్పనిసరిగా చేయించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో సూచించింది. అవయవాలను పరీక్షించే టిఫా స్కాన్ అయిదో నెలలో, 18 నుంచి 22 వారాల మధ్య చేస్తారు. బీపీ, షుగరు, బిడ్డ ఎదుగుదల తగ్గడం వంటివి ఉంటే డాక్టరు ఎక్కువ స్కాన్‌లు, డాప్లర్ కూడా రాస్తారు. కారణం ఉన్నప్పుడు అవి ఎన్నయినా చేయించండి. ముఖం చూడాలన్న ముచ్చట కోసమో, ఫోటో కోసమో అడగకండి.

ఆడా మగా అని అడగడం మాత్రం నేరం. 1994 నాటి చట్టాన్ని 2003లో మరింత కఠినం చేశారు. అడిగిన భర్తకు, బంధువులకు మొదటి తప్పుకే మూడేళ్ళ వరకు జైలు, 50,000 రూపాయల వరకు జరిమానా పడవచ్చు.

స్కాన్‌కు వచ్చేటప్పుడు ఆఖరి నెలసరి తేదీ కాగితం మీద రాసుకుని రండి. పాత స్కాన్ రిపోర్టులన్నీ, వేరే ఆసుపత్రిలో తీయించినవైనా సరే, ఒక కవరులో పెట్టి తీసుకురండి. మొదటి రిపోర్టు పోగొట్టుకోవడం వలన నెలల లెక్క కోసమే మళ్ళీ స్కాన్ చేయవలసి వస్తున్నది. ఎనిమిదో నెలలో తీసిన కొలతల కంటే మూడో నెల రిపోర్టులోని కొలతలే నెలల లెక్కకు ఎక్కువ నమ్మకమైనవి.